సాల్మన్ అన్నకి తిప్పిన గిన్నెలు

నమోదు 41

ఉదయం మాత్రల వరస. నలభై అయిదు దాటినవాళ్ళంతా భోజనశాల గోడ వెంట నిలబడ్డారు. ఒక్కొక్కరి అరచేతిలో స్టాటిన్ మాత్ర పెట్టడం, మింగాక నోరు తెరిపించి చూడడం నా పని. నాలుక కింద దాచుకునే పెద్దమనుషులు అంగారకుడి మీది మా ఎర్రమెట్ట ఊళ్ళో కూడా ఉన్నారు. నా కళ్ళు కప్పడం వాళ్ళ తరం కాదు.

ఈ మాత్ర మీద నాకు భక్తి. మేం ఇక్కడ దిగిన మొదటి ఏడాదే గుండెపోటుతో ముగ్గురు పోయారు. ఇక్కడ ఆపరేషన్ చేసే డాక్టరు లేడు, ఉన్నదల్లా మందులిచ్చే నేనే. భూమి నుంచి ఓడ రావాలంటే ఎనిమిది నెలలు. రక్తంలో కొవ్వు తగ్గించి, రక్తనాళాల గోడలకి పట్టిన పాచి పగిలి అడ్డం పడకుండా కాసే మాత్ర ఒకటి ఉంటే, దాన్ని వద్దనేవాడు బతకడం చేతకానివాడు అని వరసలో రోజూ చెప్తాను. గాజుతోట చూసుకునే ఝాన్సీ నన్ను మాత్రల పిన్ని అంటుంది. అననీ.

ఇవాళ గొట్టాల సాల్మన్ రాజు అన్న మాత్ర చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "చెల్లెమ్మా, తొడలు పట్టేస్తన్నయ్. మెట్టెక్కాలంటే చెయ్యి ఊతం కావాలి. ఈ మాత్ర వల్లేమో" అన్నాడు.

నేను ఊరుకుంటానా? "తొక్కుడు చక్రం ఎగ్గొట్టడానికి మాత్ర మీద నెపమా అన్నా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!" అన్నాను, వరస చివరివాడికి కూడా వినపడేలా. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి మింగేశాడు.

ఈ అంగారకుడి మీద మనిషి బరువు సగం కూడా తూగదు. రోజూ తొక్కుడు చక్రం ఎక్కకపోతే కండలూ ఎముకలూ కరిగిపోతాయి. చక్రం తొక్కితే నొప్పులు. కాళ్ళనొప్పి లేదన్నవాడినే నేను ఇక్కడ అనుమానిస్తాను.

42

గాజుతోటలో పంపరపనస కాపుకొచ్చింది. ఎర్రమెట్ట మీద కాసిన మొదటి పండ్లు. ఒక్కో కాయ పసిపిల్ల తలంత ఉంది. ఝాన్సీ వాటిని కోసి, పిండి, మధ్యాహ్నం భోజనంలో మనిషికో చిన్న గిన్నెడు రసం పోసింది. సగంమంది వాసన చూసే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

నీళ్ళు కరువైన ఏడాది మాకు ఒక అలవాటు పడింది. నీ వాటా ఎవరికైనా ఇవ్వాలనుకుంటే నోటితో అనవు. గిన్నె చెవిని వాళ్ళ వైపు తిప్పి ఊరుకుంటావు. అలా తిప్పిన గిన్నెను కాదనకూడదు. కాదంటే ఇచ్చిన మనిషినే కాదన్నట్టు. అప్పట్లో నీళ్ళ గిన్నెలు తిప్పేవాళ్ళం. ఇప్పుడు నీళ్ళకి కొదవ లేదు గానీ అలవాటు పోలేదు.

పొద్దున సాల్మన్ అన్నని అన్న మాట నాకే కొంచెం గుచ్చుకుంది. నా నోటికి అదుపు లేదని నాకు తెలుసు. క్షమించమని అడగడం మాత్రం చేతకాదు. అందుకని నా రసం గిన్నె ఆయన వైపు తిప్పాను. పక్కనే ఉన్న ఆయన భార్య మార్తమ్మ వదిన కూడా తన గిన్నె తిప్పేసింది. అది చూసి ఎదుటి బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురు తిప్పారు. మరి ఊరందరికీ నీళ్ళు పారేది ఆయన బాగుచేసిన గొట్టాల్లోనే కదా.

"ఏందమ్మా ఇది, నన్నేం చేద్దామని?" అని గొణుక్కుంటూనే ఒక్కో గిన్నే ఎత్తి, చేదుకి కళ్ళు మూసుకుని తాగాడు. చప్పట్లు కొట్టాం. ఎర్రమెట్టలో అంతమంది కలిసి నవ్వి చాలా కాలమైంది. మొదలుపెట్టింది నేనే అని లోలోపల మురిసిపోయాను.

43

సాల్మన్ అన్నకి గిన్నెలు తిప్పడం ఇప్పుడు రోజూ జరిగే సరదా అయింది. ఇవాళ ఎవరి వంతు అని ముందే వాదులాడుకుంటున్నారు. నా గిన్నె మాత్రం వంతుతో పని లేకుండా రోజూ ఆయనదే.

ఆయన నొప్పుల పాట మానలేదు. ఇప్పుడు భుజాలు కూడా అంటున్నాడు. "ఒక్కసారి ఆ రక్తం పరీక్ష చేసి చూడరాదా చెల్లెమ్మా?" అని అడిగాడు. కండరం కరుగుతోందో లేదో చెప్పే పరీక్ష అది. రక్తపు చుక్క వేసి చూసే దాని పట్టీలు నా దగ్గర అరకొరగా ఉన్నాయి. ఒకరికి చేస్తే వరసంతా చెయ్యమంటుంది. పైగా ఆయనకి కొవ్వు కాస్త ఎక్కువన్న మాటే గానీ గుండెజబ్బు లేదు. ఊరందరితో పాటు మింగుతున్నాడు, అంతే.

భూమి మీద మాకు పాఠం చెప్పిన డాక్టర్ కౌముది మాట నాకు కంఠతా వచ్చు. స్టాటిన్ మింగి నొప్పులనేవాళ్ళలో చాలామందికి ఉత్త పిండి మాత్ర ఇచ్చినా అవే నొప్పులు వస్తాయి. అనుమానమే సగం నొప్పి. అదే ఆయనకి చెప్పాను.

"అంటే నాది అనుమానం అంటావా?" అన్నాడు.

"నీది బద్ధకం అంటాను" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు.

44

సూర్యుడు అడ్డం వచ్చాడు. భూమికీ మనకీ మధ్య ఆయన నిలబడితే రెండు వారాల పాటు అటు మాట ఇటు రాదు, ఇటు మాట అటు పోదు. మామూలు రోజుల్లో డాక్టర్ కౌముదిని ఒక మాట అడిగి, జవాబు కోసం భోజనం చేసి వచ్చేంతసేపు కాచుకుంటాం. ఇప్పుడు అది కూడా లేదు. జబ్బులన్నీ నా నెత్తి మీదే. నాకు భయంగా లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉంది.

వరసలో మార్తమ్మ వదిన అందరికంటే ముందు నిలబడి మాత్ర వేసుకుంది. ఆవిడకి నేను నోరు తెరిపించక్కర్లేదు. ఇక్కడికి వచ్చే దారిలో ఓడలోనే ఆవిడకి గుండెపోటు వచ్చింది. ఆ ఓడలో డాక్టరున్నాడు గనక నాళంలో స్టెంటు వేసి బతికించాడు. ఆ డాక్టరూ ఆ ఓడా ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆవిడకి ఉన్న దిక్కల్లా ఈ మాత్రలే.

45

సాల్మన్ అన్న చక్రం మీద కూలబడ్డాడు.

నలుగురు మోసుకొచ్చారు. లేపి నిలబెడితే కాళ్ళు నీళ్ళలో నానిన గుడ్డల్లా మడతపడిపోతున్నాయి. వదిన ఏడుస్తూ మూత్రం పట్టిన సీసా నా చేతిలో పెట్టింది. టీ డికాషన్ రంగు. కండరం కరిగి రక్తంలో పడితే వచ్చే రంగు అది. మూత్రపిండాలు పూడుకుపోతే మనిషి దక్కడు.

"ఎప్పట్నుంచి అన్నా ఇలా?"

"మొన్నట్నుంచి."

"చెప్పలేదేం?"

ఆయన నా వంక చూడలేదు. "నవ్వుతావని చెప్పలా" అన్నాడు.

దాచుకున్న పట్టీల్లో ఒకటి తీసి పరీక్ష చేశాను. యంత్రం అంకె చూపించలేదు, తన కొలతకి అందనంత ఎక్కువని చూపించింది. మాత్ర ఆపేశాను. సెలైన్ ఎక్కిస్తూ, గుక్క గుక్కకీ నీళ్ళు తాగిస్తూ పక్కనే కూర్చున్నాను. అడగడానికి డాక్టర్ కౌముది అందదు. ఆ ఒక్క మాట మాత్రం చెవిలో తిరుగుతూనే ఉంది. నవ్వుతావని చెప్పలా. తల తీసేసినట్టుంది.

46

రంగు పల్చబడుతోంది. మూత్రపిండాలు నిలబడ్డాయి. అన్న బతుకుతాడు. కాళ్ళు మాత్రం ఆయన మాట వినడం లేదు. మంచం మీద పక్కకి తిరగాలన్నా వదిన సాయం కావాలి. మళ్ళీ గొట్టాల కింద దూరగలడో లేదో తెలియదు.

ఉదయం మాత్రలు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. ఎవ్వరూ రాలేదు. అందరూ బల్లల దగ్గర కూర్చుని తలలు వంచుకుని జావ తాగుతున్నారు. నేను ఒంటరిగా అంతసేపు నిలబడ్డానంటే నాది మొండితనమే అనుకోవాలి.

మార్తమ్మ వదిన దగ్గరికి నేనే వెళ్ళాను. "వదినా, నీకు తప్పదు. నీ గుండె సంగతి వేరు" అన్నాను.

"ఆయన కాళ్ళు చూసినాక కూడా మింగమంటావా?" అంది. "ఆయన కాళ్ళనొప్పంటే నవ్విన నోరే గదమ్మా ఇది. ఈ నోటి మాట నేనెట్టా నమ్మేది?"

మాత్ర జేబులో వేసుకుని వచ్చేశాను. మాత్ర ఒంటికి పడకపోతే నేనేం చేసేది అని నన్ను నేను సముదాయించుకున్నాను. నొప్పిని నమ్మకపోవడం నా తప్పే. కానీ జబ్బు నేను తెచ్చింది కాదు కదా.

47

సూర్యుడు తప్పుకున్నాడు. డాక్టర్ కౌముదికి సంగతంతా పంపాను. జవాబు వచ్చింది. ఒక్కదానివే బతికించావు, మంచి పని చేశావు అని మొదలుపెట్టింది. తర్వాత ప్రశ్నలు. థైరాయిడ్ చూశావా? వేరే మందులేమైనా వాడుతున్నాడా? ఈమధ్య కొత్తగా ఏమైనా తింటున్నాడా, తాగుతున్నాడా? ముఖ్యంగా పంపరపనస జాతి పండ్లు?

ఆ చివరి మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. గదిలో ఇంకెవ్వరూ లేరు.

నేను ఆ పాఠం చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ జాతి పండ్ల రసంలో ఉండే సరుకు కడుపులో ఈ రకం స్టాటిన్‌ని విరగ్గొట్టే పని ఆపేస్తుంది. మాత్ర రక్తంలో పేరుకుపోతుంది. మింగింది ఒకటే అయినా ఒంట్లో చాలా మాత్రలు మింగినట్టు. చదివినప్పుడు ఇక్కడ పచ్చి ఆకు కూడా మొలవలేదు. ఇక్కడికొచ్చాక పండంటే మాకు మాటే. పండు వచ్చేసరికి పాఠం ఎటో పోయింది. తన వాటా గిన్నె ఒక్కటే తాగితే ఏమీ అయ్యేది కాదు. ఊరంతా తమ వాటాలు ఆయన గొంతులో పోశాం. రోజూ పోశాం. మొదటి గిన్నె నేను తిప్పాను.

'రసం తాగాడు. రోజూ. చాలా' అని పంపాను. ఎవరిచ్చారో రాయలేదు.

డాక్టర్ జవాబు తిన్నగా ఉంది. ఇది మాత్ర ఒక్కదాని పని కాదు, రసం తోడై చేసిన పని. ఇలా కండరం కరగడం మాత్ర మింగే వేలమందిలో ఏ ఒక్కరికో వస్తుంది. సాల్మన్ రాజుకి ముందు గుండెజబ్బు లేదు, ఆయనకి మాత్ర వల్ల లాభం కొంచెమే, కొన్నాళ్ళు మానేసినా పర్లేదు. మార్తమ్మ సంగతి అలా కాదు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళకి మాత్ర చేసే మేలు చాలా ఎక్కువ, కీడు చాలా తక్కువ. రేపే మొదలుపెట్టించు. అసలు కారణం అందరికీ చెప్పు, భయం అదే పోతుంది.

'సరే' అని పంపాను.

48

చెప్పలేదు.

ఝాన్సీ దగ్గరికి వెళ్ళి, ఇక రసం తియ్యొద్దు, విత్తనాల కోసం పండ్లు దాచు అన్నాను. "ఒక్క పండులో ఉన్న గింజలు చాలవా పిన్నీ?" అంది. పెద్దదాన్ని, చెప్పినట్టు చెయ్యి అన్నాను. పాపం తలూపింది. ఇక ఎవరికీ కొత్తగా ముప్పు లేదు కదా అని నాకు నేను సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవరో మామూలుగానే, "సాల్మన్ అన్నకి ఎందుకలా అయింది పంకజం?" అని అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గబగబా మొదలుపెట్టాను. కొన్ని ఒళ్ళకి మాత్ర పడదు, ఎవరి ఒళ్ళు ఎలాంటిదో ముందు తెలియదు, ఎవరి తప్పూ లేదు. ఎవరి తప్పు అని ఎవరూ అడగలేదు.

నాకు నేనే ఒక మంచి సాకు కుదుర్చుకున్నాను. ఆయనకి గిన్నె తిప్పినవాళ్ళలో మార్తమ్మ వదిన కూడా ఉంది. రసం సంగతి బయటపెడితే, మొగుడి కాళ్ళు పడిపోవడంలో తన చేయి కూడా ఉందని ఆవిడకి తెలుస్తుంది. ఆ మనిషిని ఎందుకు క్షోభపెట్టడం? ఈ సాకు ఎంత ముచ్చటగా ఉందంటే, నాలుగుసార్లు అనుకునేసరికి నేను దయగలదాన్నని నాకే అనిపించింది.

49

అందరూ బాగున్నారు.

50

పై నమోదు అబద్ధం. తుడిచేసే వీలు లేదు గనక ఉండనిస్తున్నాను.

డాక్టర్ కౌముది అడిగింది, మార్తమ్మ మొదలుపెట్టిందా, అందరికీ చెప్పావా అని. 'చెప్పాను, ఆలోచించుకుంటున్నారు' అని జవాబు పంపాను. భూమి దాకా పోయే అబద్ధం అన్నమాట.

ఇవాళ మళ్ళీ వదిన దగ్గరికి వెళ్ళాను. వంటింట్లో పిండి కలుపుతోంది. నిజం చెప్పకుండా ఒప్పించాలని నా తాపత్రయం. లెక్కలు చెప్పాను, లాభాలు చెప్పాను. షుగర్ కాస్త పెరగొచ్చు, కాలేయం ఒకసారి చూసుకోవాలి, అయినా గుండె నిలుస్తుంది అన్నాను. ఎప్పుడూ చెప్పని రిస్కులు కూడా చెప్పాను, నిజాయితీగా కనపడాలని. చెప్పాల్సింది ఒక్కటే చెప్పలేదు.

ఆవిడ అంతా విని చేతుల పిండి దులుపుకుంది. "నాకు లెక్కలొద్దు పంకజం. నా మొగుడికి ఎందుకయిందో ఒక్క మాట సెప్పు. అది తెలిస్తే నేను మింగేదీ మానేదీ నేనే అనుకుంటా" అంది.

నాలుక చివరిదాకా వచ్చింది. "ఆయన ఒంటికి పడలేదు వదినా" అన్నాను.

"మరి నా ఒంటికి పడుద్దని ఏంది నమ్మకం?" అని మళ్ళీ పిండిలో చేతులు పెట్టింది.

ఆవిడ అడిగింది న్యాయమైన మాట. దానికి న్యాయమైన జవాబు నా దగ్గర ఉంది. దాచుకుని వచ్చాను. ఎందుకంటే చెబితే మళ్ళీ ఎప్పటికీ వరసలో నా ఎదుట ఎవరూ నోరు తెరవరు. నా మాటకి ఎదురులేని ఎర్రమెట్ట ఉండదు. అది తప్ప వేరే కారణం లేదు. వదినని క్షోభపెట్టకూడదని అనుకున్నదంతా వట్టి బూటకం.

51

మార్తమ్మ వదినకి గుండెపోటు వచ్చింది.

వంటింట్లో కేక వినపడి పరిగెత్తాను. పొయ్యి పక్కన కూలబడి ఉంది. చెమటలు, ఎడమ దవడ నుంచి చేతి దాకా నొప్పి. ఆస్పిరిన్ నమిలించాను. నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మందులపెట్టెలో ఒకటే ఉంది, అది ఇచ్చాను. అది పనిచేస్తుందో వికటిస్తుందో తెలియక ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. పిండి ఇంకా ఆరలేదు.

అప్పుడు సాల్మన్ అన్న వచ్చాడు. నడిచి రాలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు, పడిపోయి, మోకాళ్ళ మీద, మళ్ళీ గోడ పట్టుకుని. ఎవరో ఎత్తబోతే విదిలించుకున్నాడు. ఆవిడ పక్కన చేరి, "మార్తా, నేనొచ్చా" అన్నాడు. ఆ కాళ్ళని చూస్తూ ఆవిడ గుండె కొట్టుకోవడం లెక్కపెడుతున్నది నేను. ఆ ఇద్దరి మధ్య కూర్చునే అర్హత ఎర్రమెట్టలో ఎవరికైనా ఉందేమో గానీ నాకు లేదు.

నొప్పి తగ్గింది. గడ్డ కరిగింది. బతికింది. గుండె మాత్రం దెబ్బతింది, ఇక ఎప్పటికీ పూర్తి బలంతో కొట్టుకోదు.

మాత్ర మానినందుకే వచ్చిందా? ఎవరూ చెప్పలేరు. మింగుతున్నా వచ్చేదేమో. మానిన కొద్ది రోజులకే అన్నీ కుప్పకూలవు అని డాక్టర్ కౌముది కూడా అంది. అన్నీ నిజమే. కానీ ఆవిడకి ఉన్న ఒక్క అడ్డుగోడ పడిపోయి ఉంటే, పడిపోయిందని తెలిసి కూడా నేను చూస్తూ ఊరుకున్నాను. దీనికి మాత్రం ఏ డాక్టరూ అవునో కాదో అనక్కర్లేదు.

52

ఇద్దరి మంచాలూ ఒకే గదిలో వేయించాను. తలుపు మూశాను. నిలబడే చెప్పాను. కూర్చోబుద్ధి కాలేదు.

రసం సంగతి చెప్పాను. మొదటి గిన్నె నాదేనని చెప్పాను. పాఠం చదివి మరిచిపోయానని, పరీక్ష చెయ్యమంటే చెయ్యలేదని, డాక్టర్ చెప్పమన్నాక కూడా దాచానని, అడిగితే ఆ డాక్టరుకే అబద్ధం చెప్పానని వరసగా చెప్పాను. వదినా, నీ గిన్నె కూడా అందులో ఉంది గానీ అది నీ తప్పు కాదు, నీకు తెలిసే దారి లేదు, నాకు ఉంది అన్నాను.

సాల్మన్ అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంత కష్టపడి తిరిగాడు. సాయం చెయ్యబోయి ఆగిపోయాను.

వదిన పైకప్పు చూస్తూ, "నా చేత్తో కూడా పోశానన్నమాట" అంది. కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడవడానికి కూడా నాకు చేతులు రాలేదు.

తర్వాత అడిగింది. "అయితే మాత్ర తప్పు కాదా?"

"కాదు వదినా. రసం లేకుండా నువ్వు మింగొచ్చు. ఆ రసంతో తగువు లేని వేరే రకం కూడా పెట్టెలో కొన్ని ఉన్నాయి. డాక్టర్ నీకు అదే ఇమ్మంది. కాళ్ళల్లో ఏ కొంచెం నొప్పి అనిపించినా చెప్పు. నమ్ముతాను. పరీక్ష చేస్తాను."

"ఇయ్యి మరి."

నీళ్ళతో మింగింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. "తిట్టు వదినా" అన్నాను.

"తిట్టే ఓపిక లేదు. ఓపిక వచ్చినాక తిడతా. పో" అంది.

53

భోజనశాలలో అందరి ముందూ చెప్పాను. కూర్చున్నచోటే చెంచాలు ఆగిపోయాయి. కొందరు తమ తమ గిన్నెల వంక చూసుకున్నారు, తామూ తిప్పామని గుర్తొచ్చి. మీకు తెలియదు, నాకు తెలియాలి అని మళ్ళీ చెప్పాను. ఝాన్సీ లేచి, "విత్తనాల కోసమన్నావు గదా పిన్నీ!" అని మాత్రం అని బయటికి వెళ్ళిపోయింది. దాని తోటకి వచ్చిన మొదటి కాపుని అడ్డం పెట్టుకుని నేను అబద్ధమాడాను. అది నా మొహం చూడడం లేదు.

మాత్రల పని నా చేతిలోంచి తీసెయ్యమని నేనే అడిగాను. ఇంకెవరికీ రాదు గనక ఉండమన్నారు. అయితే ఇకనుంచి వరస లేదు, నోరు తెరిపించడం లేదు. ఎవరికి ఎంత లాభమో, ఎంత ముప్పో విడివిడిగా కూర్చోబెట్టి చెప్పాలి. మింగేదీ మానేదీ వాళ్ళిష్టం. నొప్పన్నవాళ్ళకి అడిగిన రోజే పరీక్ష. మంచి పద్ధతే. ఎర్రమెట్ట నేర్చుకోవడానికి ఇద్దరు మనుషులు ఖర్చయ్యారు.

గుండెజబ్బు ఉన్నవాళ్ళు చాలామటుకు మళ్ళీ మొదలుపెట్టారు. నాకు జవాబు చెప్తారు గానీ నాతో కబుర్లు చెప్పరు. చక్రం దగ్గర నేను ఎక్కితే పక్క చక్రం ఖాళీ అవుతుంది. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళు తిరిగాను, ఇప్పుడు దొంగని అని తెలిసినదానిలా తిరుగుతున్నాను. ఇదే నయం. నయమే గానీ, ప్రతి ఉదయం భోజనశాల గుమ్మంలో కాసేపు ఆగి, గాలి పీల్చుకుని గానీ లోపలికి వెళ్ళలేకపోతున్నాను.

సాల్మన్ అన్న కర్ర పట్టుకుని నిలబడుతున్నాడు. మందు ఇస్తే తీసుకుంటాడు. ఒక్క మాట మాట్లాడడు. చెల్లెమ్మా అన్న పిలుపు పోయింది.

54

ఇవాళ వదినకి ఓపిక వచ్చింది.

పొద్దున జావ తాగుతుండగా మొగుడి కర్ర పట్టిన చేయి పట్టుకుని భోజనశాలలోకి వచ్చింది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. గుమ్మం నుంచి నా బల్ల దాకా రావడానికి రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. అందరూ లేచారు. కూర్చోమని చెయ్యి ఊపింది.

తిట్టింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఊరందరి ముందూ తిట్టింది. ఆయన నొప్పి నొప్పంటే నవ్వావు అంది. నువ్వు నవ్వితే మేం కూడా నవ్వాం, మా మీద కూడా నాకు కోపమే అంది. చదువుకున్నదానివి, మా గుండెలు నీ చేతిలో పెట్టాం, ఆ చేత్తోనే దాచావు అంది. మధ్యలో ఊపిరి అందక బల్ల పట్టుకుంటే నేను లేవబోయాను. కూర్చో, ఇంకా అవలా అంది. కూర్చున్నాను. నా జావ గిన్నెలోకే చూస్తూ విన్నాను.

"మరిచిపోయావు, అది మనిషి తప్పు. భయపడ్డావు, అది కూడా మనిషి తప్పే. కానీ నేను మాత్ర మానేశానని తెలిసి, ఎందుకు మానానో తెలిసి, రోజూ నా మొహం చూస్తా తిరిగావే. అది ఎట్టా చేశావు?"

తలెత్తాను. ఆవిడ కోపంగా చూడడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని చూస్తోంది.

"నీ పరువు నా పానం కంటే ఎక్కువైందా పంకజం?"

లేదు వదినా అనే మాట నోట్లో తయారుగా ఉంది. ఊరంతా వింటోంది.

"అయింది వదినా" అన్నాను.